పెళ్ళికూతురు ఏమన్నా తిన్నదా?

మొన్న మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్ళి జరిగింది. గుంటూరులో, రాత్రి 2 గంటల 16 నిమిషాలకి ముహూర్తం. పిన్నిని కదా, నాలుగు రోజుల ముందే వెళ్ళాను. పెళ్ళిరోజు సాయంత్రం నాకు అప్పజెప్పిన పని తాంబూలం సంచులు సర్దడం. అవి సర్దుకుంటూ కూర్చుని హాలంతా చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆ పెళ్ళిలో ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నారు. మగపెళ్ళివారి విడిదిలో కాఫీలు, టిఫిన్లు చూడటానికి మా బావగారి తమ్ముడు. వంటవాళ్ళ దగ్గర మా అన్నయ్య. పంతులుగారికి సామాను అందించడానికి మా వదిన. ఐస్‌క్రీం దగ్గర పిల్లలు మూడోసారి రాకుండా చూడటానికి కూడా ఒక బాబాయిగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

రాత్రి తొమ్మిదింటికి పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళాను. పిల్ల సాయంత్రం నాలుగింటి నుంచి మేకప్ కుర్చీలోనే ఉంది. పూలజడ, వడ్డాణం, వంకీలు, మెడనిండా హారాలు. చక్కగా ఉంది, దిష్టి తగిలేటంత చక్కగా ఉంది. కానీ కళ్ళు లోపలికి పోయాయి. దగ్గరికెళ్ళి చెవిలో అడిగాను, "ఏమన్నా తిన్నావా అమ్మా?" అని.

"పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాను పిన్నీ" అంది.

ఆ మాట అన్నదో లేదో గదిలో ఉన్న అయిదారుగురు ఆడవాళ్ళూ నావైపు తిరిగారు. "ముహూర్తం కాకుండా ఎలా తింటుంది?" అన్నారొకరు. "ఒక్కపూటకి ఏమవుతుంది, మేం ఉండలేదూ?" అన్నారింకొకరు. "ఇప్పుడు తింటే లిప్‌స్టిక్ పోతుంది మేడమ్" అంది బ్యూటీషియన్ అమ్మాయి. నేను నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్ళ పైబడి నోరు మూసుకున్న విషయమే ఇది. ఆ గదిలో తర్వాత ఏం జరిగిందో చివర్లో చెబుతాను. ముందు నా పెళ్ళి సంగతి చెప్పాలి.

నా పెళ్ళి 2001లో, నడివేసవిలో. తెల్లవారుజామున మూడుంబావుకి ముహూర్తం. ఆ రోజు తెల్లవారకుండానే మంగళస్నానం, తర్వాత కాఫీ. సాయంత్రం అరగ్లాసు పాలు. అంతే. ఎవరూ నన్ను కడుపు మాడ్చాలని అనుకోలేదు. అమ్మ కనీసం నాలుగుసార్లు "దానికి ఏమన్నా పెట్టండే" అని ఎవరితోనో అంది. ఆ ఎవరో ఇంకెవరితోనో అన్నారు. అందరూ ఎవరో పెట్టే ఉంటారనుకున్నారు. ఇక నీళ్ళంటారా, నేనే తాగలేదు. ఆ బరువు చీరతో బాత్రూముకి వెళ్ళాలంటే ముగ్గుర్ని పిలవాలి, సిగ్గు.

జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉన్నాను. మాంగల్యధారణ అయింది. తలంబ్రాలకి లేచి రెండు చేతులూ పైకెత్తాను. మొహమ్మీద వీడియో లైటు, ఆ రోజుల్లో అది పొయ్యిమీద పెనంలా కాలిపోయేది. దోసిట్లో బియ్యం ఉన్నట్టు గుర్తు. తర్వాత కళ్ళు తెరిస్తే అమ్మ ఒళ్ళో ఉన్నాను, ఎవరో మొహాన నీళ్ళు చల్లుతున్నారు.

కాసిని నిమ్మరసం తాగించి, రెండు వైపులా పట్టుకుని మిగిలిన తంతు నడిపించారు. నా ఏడడుగులు నాకు గుర్తులేవు. అరుంధతిని చూపించారట, అదీ గుర్తులేదు. అయినా అసలు బాధ అది కాదు. మండపం కింద కూర్చున్నవాళ్ళలో ఒక గుసగుస మొదలైంది. "పిల్లకి మూర్ఛరోగం ఉన్నట్టుంది, దాచిపెట్టి చేస్తున్నారు" అని. ఆ గుసగుస నాతోపాటే అత్తవారింటికి వచ్చింది. నెల తిరక్కుండానే "ఊరికే ఒకసారి చూపిద్దాం" అంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రక్తపరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. అయినా ఏడాదిపాటు నేను కాస్త తలనొప్పి అంటే చాలు, ఇంట్లోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. మా అమ్మ చివరిదాకా ఆ ఆల్బంలో తలంబ్రాల పేజీ చూడలేదు. అక్కడికి రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేసేది.

ఒక్క గిన్నెడు పెరుగన్నం తినకపోవడం వల్ల ఇంత జరిగింది. అందుకే పెళ్ళిళ్ళ కాలం వచ్చేసరికి అందరూ నగల గురించీ డెకరేషన్ గురించీ మాట్లాడుతుంటే నాకు అన్నం గుర్తొస్తుంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మనవాళ్ళు. పెళ్ళి చేసేవాళ్ళ కష్టం గురించి సామెత ఉంది. పెళ్ళి చేసుకునే పిల్ల కష్టం గురించి లేదు. ఆ రోజు ఆ పిల్లని దేవుడి ఊరేగింపు విగ్రహంలా చూస్తాం. అలంకరిస్తాం, ఎత్తుకొస్తాం, కూర్చోబెడతాం, హారతి ఇస్తాం. విగ్రహానికి ఆకలి వేయదు, కాళ్ళు తిమ్మిరెక్కవు, బాత్రూముకి వెళ్ళాల్సిన పని ఉండదు. పిల్లకి ఇవన్నీ ఉంటాయి. నా అభిప్రాయం ఒక్కటే. పెళ్ళి సాఫీగా జరగాలంటే పెళ్ళికూతురి కోసమే ఒక మనిషి ఉండాలి. వేరే ఏ పనీ చెప్పని మనిషి.

ఇది కొత్త విషయమేం కాదు. తోడి పెళ్ళికూతురు అని మనకి ఒక ఆనవాయితీ ఉంది కదా. ఇప్పుడు ఆ పేరుతో ఏడెనిమిదేళ్ళ పిల్లకి పట్టు పరికిణీ కట్టి పక్కన కూర్చోబెడుతున్నాం. ఆ పిల్ల పదింటికల్లా నిద్రపోతుంది. ముద్దుగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ చిన్నదాన్ని అలాగే ఉంచి, వెనకాల ఒక పెద్ద తోడుని పెట్టండి. పెళ్ళయిన స్నేహితురాలో, వదినో, పిన్నో, మేనత్తో. అమ్మ మాత్రం వద్దు. పెళ్ళికూతురి అమ్మకి ఆ రోజు పదిమంది పనులుంటాయి, పైగా ఆవిడ కన్యాదానం పీటలమీద కూర్చోవాలి.

డిగ్రీలో మాకు తెలుగు ప్రధానాంశం. పోతనగారి రుక్మిణీ కల్యాణం చదివేటప్పుడు అందరం కృష్ణుడి గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అగ్నిద్యోతనుడు గుర్తొస్తున్నాడు. అంత రాజకుమారికీ అంత పెద్ద కోటలో తన మాట మోసుకెళ్ళడానికి నమ్మకమైన మనిషి ఒక్కడు దొరికాడు. ఆ ఒక్కడు వల్లే ఆ పెళ్ళి జరిగింది. మన పిల్లలకీ ఆ రోజు అలాంటివాళ్ళు ఒకరు కావాలి. "నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని చెబితే గాభరా పడకుండా నీళ్ళు తెచ్చేవాళ్ళు, "ఈ ఫోటోలు చాలు" అని ఆ పిల్ల తరఫున గట్టిగా చెప్పేవాళ్ళు.

సరే, ఆ తోడు ఏం చెయ్యాలి, పెళ్ళికూతురు ముందుగా ఏం చూసుకోవాలి? నాకు తెలిసినవి చెబుతాను. నా పెళ్ళిలో దెబ్బ తిని కొన్ని, తర్వాత ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళలో చూసి కొన్ని నేర్చుకున్నాను.

మొదటిది తిండి. కొన్ని ఇళ్ళలో గౌరీపూజ, ముహూర్తం అయ్యేదాకా ఉపవాసం ఉంచుతారు, కొన్ని ఇళ్ళలో ఆ పట్టింపు లేదు. మీ ఇంట్లో ఏమిటో వారం ముందే పెద్దవాళ్ళని అడగండి, ఆ రోజు గదిలో వాదించుకునే పని ఉండదు. అన్నం కూడదంటే పాలు, పళ్ళు, కొబ్బరినీళ్ళు తీసుకోవచ్చని మా పురోహితులుగారే చెప్పారు. అవి తీసుకున్నా ఉపవాసం చెడదట. పట్టింపు లేనివాళ్ళు పీటలమీద కూర్చోవడానికి రెండు గంటల ముందు తేలిగ్గా తినండి. పెరుగన్నమో, రెండు ఇడ్లీలో. పెళ్ళి భోజనంలోని పులిహోర, వేపుళ్ళు అప్పుడొద్దు, దాహం వేస్తుంది. లిప్‌స్టిక్ గురించి దిగులు పడేవాళ్ళుంటే స్పూనుతో తినొచ్చు, నీళ్ళు స్ట్రాతో తాగొచ్చు. పోతే మళ్ళీ వేస్తారు. దానికే కదా డబ్బులు తీసుకున్నారు!

రెండోది నీళ్ళు, బాత్రూము. ఈ విషయం ఎవరూ మాట్లాడరు, అందుకే నేను మాట్లాడుతున్నాను. మన కల్యాణమండపాల్లో స్టేజీ ఎంత దూరం, పెళ్ళికూతురి గదికి బాత్రూము లోపలే ఉందా, తలుపు గడియ పడుతుందా, నీళ్ళు వస్తాయా అనేది హాలు మాట్లాడుకునేటప్పుడే చూడండి. వడ్డాణం హుక్కు ఎలా వస్తుందో, కుచ్చిళ్ళు ఎలా పట్టుకోవాలో తోడుగా ఉండేవాళ్ళు ముందే నేర్చుకోవాలి. గౌరీపూజకి ముందు ఒకసారి, మధుపర్కాలు కట్టుకునేటప్పుడు ఒకసారి వెళ్ళి రావడానికి వీలుంటుంది. ఈ రెండూ గుర్తుంటే నీళ్ళు మానుకుని కూర్చోనక్కర్లేదు.

మూడోది నిద్ర. ఇప్పుడు మన పెళ్ళిళ్ళలోకి సంగీత్‌లూ హల్దీలూ వచ్చాయి. వద్దనడం లేదు, పిల్లల సరదా. కానీ పెళ్ళికి ముందురోజు రాత్రి పెట్టుకోవద్దు. అర్ధరాత్రిదాకా ఎగిరి, మర్నాడు తెల్లవారకుండా మంగళస్నానానికి లేచి, ఆ రాత్రంతా పీటలమీద కూర్చుంటే ఒళ్ళు ఏమవుతుంది? ఒక రోజు ఎడం ఉంచండి. రాత్రి ముహూర్తమైతే మధ్యాహ్నం భోంచేశాక రెండు గంటలు గది తలుపు వేసి పడుకోనివ్వండి. చుట్టాలు చూడాలంటే సాయంత్రం చూస్తారు. పిల్ల ఎక్కడికీ పోదు.

నాలుగోది బట్టలు. జాకెట్లు కనీసం మూడు వారాల ముందే కుట్టించుకోండి. వచ్చాక అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు. వేసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చోండి, వంగండి, రెండు చేతులూ తలమీదకెత్తండి. తలంబ్రాలు పొయ్యాలి కదా! చంకల్లో పట్టేసే జాకెట్టుతో ఆరడుగుల పెళ్ళికొడుకు నెత్తిన బియ్యం పోయడం చూశాను, పాపం ఆ పిల్ల అవి ఆయన మొహాన విసిరినట్టయింది. అందరూ నవ్వారు గానీ పిల్ల ఏడ్చింది. పట్టుచీరకి ఫాల్, పీకో ముందే అయిపోవాలి. ఇంట్లో ఒకసారి ఆ చీరే కట్టుకుని పావుగంట తిరగండి.

మధుపర్కాల సంగతి చాలామంది మర్చిపోతారు. పట్టుచీరమీద ఇంత శ్రద్ధ పెడతాం, తీరా తాళి కట్టించుకునేది ఆ తెల్ల నూలుచీరలోనే. దానిమీదకి జాకెట్టు ఉందా, లంగా తెల్లదేనా, ఆ పది నిమిషాల్లో చీర మార్చేది ఎవరు? మా మేనకోడలి పెళ్ళిలో తెల్ల లంగా కోసం మగపెళ్ళివారంతా మండపంలో కూర్చుని ఉండగా స్కూటర్ వేసుకుని ఇంటికి పరిగెత్తారు. జాకెట్టు, లంగా, పిన్నీసులు, అన్నీ ఆ చీరలోనే మడిచి ఒక సంచిలో పెట్టి తోడు చేతికి ఇచ్చేయండి.

అయిదోది పీటలు. కుర్చీల్లో, సోఫాల్లో పెరిగిన పిల్లలు మూడు గంటలు కింద కూర్చోలేరు. అది వాళ్ళ తప్పు కాదు, అలవాటు లేదు. నెలరోజుల ముందునుంచి టీవీ చూసేటప్పుడైనా రోజూ కాసేపు కింద కూర్చోవడం అలవాటు చేసుకోండి. పెళ్ళికొడుక్కి కూడా చెప్పండి. హోమం పొగకి కళ్ళు మండుతాయి, కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ళు తోడు దగ్గర కళ్ళద్దాలు ఉంచండి. పెళ్ళికూతురు కళ్ళద్దాలు పెట్టుకుంటే ఏం పోయింది? జీవితాంతం పెట్టుకునేవే కదా.

ఆరోది మొహం, చేతులు. పెళ్ళికి వారం లోపల కొత్త క్రీము, కొత్త ఫేషియల్ వద్దు. ఏదైనా పడకపోతే మానడానికి టైము ఉండదు. గోరింటాకు రెండు రోజుల ముందు పెట్టుకుంటే పెళ్ళినాటికి బాగా పండుతుంది. కడిగిన వెంటనే నారింజరంగులో ఉంటే కంగారుపడకండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. గంటలో నల్లగా పండే కోన్ల జోలికి మాత్రం పోకండి. అలాంటి వాటిలో జుట్టు రంగుల్లో వాడే పిపిడి అనే రసాయనం కలుపుతుంటారు, కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది.

ఏడోది నెలసరి. ముహూర్తం పెట్టేటప్పుడు తిథి, వారం, నక్షత్రం, హాలు ఖాళీ, అమెరికా నుంచి వచ్చేవాళ్ళ సెలవులు, అన్నీ చూస్తాం. పిల్ల తేదీలు మాత్రం చివర్లో, అదీ గుసగుసగా అడుగుతాం. పంతులుగారు రెండు మూడు ముహూర్తాలు రాసిస్తారు కదా, అందులో ఏది అనుకూలమో ముందు పిల్లనే అడగండి. అప్పటికీ కుదరకపోతే వాయిదా వేసే మాత్రలు ఉన్నాయి. కానీ వాటిని పక్కింటావిడ చెప్పిందని మందులషాపులో కొని మింగకండి. నెలసరి రావడానికి కొన్ని రోజుల ముందే మొదలుపెట్టాలి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళకి అవి పనికిరావు. ఒకసారి లేడీ డాక్టర్ దగ్గరికెళ్ళి అడగడానికి సిగ్గెందుకు? అన్నీ చేసినా వచ్చేస్తే, అది పిల్ల నేరం కాదు. ఆ మాట అమ్మే ముందు అనాలి.

ఎనిమిదోది ఫోటోలు. ఫోటోగ్రాఫర్లతో నాకు గొడవేం లేదు, వాళ్ళ పని వాళ్ళది. కానీ తాళి కడుతుంటే "ఒక్క నిమిషం, ఇటు చూడండి సార్" అంటే పంతులుగారు మంత్రం ఆపాల్సి వస్తోంది. ఎవరెవరితో ఫోటోలు కావాలో ఒక కాగితం మీద రాసి ముందే ఇచ్చి, తంతు జరిగేటప్పుడు ఆపవద్దని ఖచ్చితంగా చెప్పండి. ముఖ్యంగా సప్తపది. ఆ వేళకి చుట్టాల్లో సగంమంది నిద్రలోనో భోజనాల దగ్గరో ఉంటారు, గబగబా కానిచ్చేస్తారు. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం చూడండి. సప్తపది ఆచారం ఉన్న పెళ్ళిళ్ళలో ఏడో అడుగు వేసినప్పుడే పెళ్ళి పూర్తయినట్టు లెక్క అంటుంది. ఆ ఏడు అడుగులూ పిల్ల మెలకువతో, తెలివితో వెయ్యాలి. నాలాగా ఎవరో పట్టుకుని నడిపిస్తే వేసినవి కాకూడదు.

తొమ్మిదోది నగలు, కాగితాలు. ఏ నగ ఎవరిది, ఎవరు పెట్టారు, పెళ్ళయ్యాక విప్పి ఎవరి చేతికిచ్చారు, ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. అద్దె నగలైతే మరీ జాగ్రత్త. పెళ్ళికి వచ్చిన కానుకల జాబితా రాసి, అందులో వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం వేసి, వధూవరులిద్దరూ సంతకం చెయ్యాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985లో నియమాలే పెట్టారు. పెళ్ళికూతురికి వచ్చినవాటి జాబితా పెళ్ళికూతురి దగ్గరే ఉండాలి. "ఇప్పుడే లెక్కలా?" అని ఎవరైనా అంటే, ఇది అనుమానం కాదు, పద్ధతి అని నవ్వుతూ చెప్పండి. అలాగే ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పెళ్ళి హడావిడి తగ్గాక ఎప్పుడో చేయిద్దాంలే అని వదిలేస్తే పాస్‌పోర్టులు, వీసాలు కావలసినప్పుడు శుభలేఖ కోసం బీరువాలన్నీ వెతుక్కోవాలి. నాలుగు శుభలేఖలు, ఇద్దరి వయసు ధ్రువపత్రాలు, ఆధార్ కాపీలు ఒక కవర్లో వేసి పక్కన పెట్టండి.

చివరిది అత్తవారింటికి వెళ్ళే చిన్నసంచి. సారె సామాను లారీలో వస్తుంది, అందులో మీకు ఆ పొద్దున కావలసింది ఏదీ దొరకదు. రెండు మామూలు నూలుచీరలో చుడీదార్లో, మీకు అలవాటైన సబ్బు, దువ్వెన, ప్యాడ్లు, రోజూ వేసుకునే మందులు, చార్జరు, కాసిని డబ్బులు, ఒక బిస్కెట్ పాకెట్. అవును, బిస్కెట్ పాకెట్. కొత్త ఇంట్లో తెల్లవారుజామున ఆకలేస్తే ఎవరిని అడుగుతారు?

ఇన్ని చెప్పాక ఒకావిడ నన్నడిగారు, "ఇన్ని జాగ్రత్తలు పిల్లే చూసుకుంటే ఇంక పెళ్ళి సంబరం ఏముంటుంది?" అని. నిజమే. అందుకే మళ్ళీ మొదటికే వస్తున్నాను. ఇవన్నీ పిల్ల నెత్తిన పెట్టడానికి చెప్పడం లేదు. నెలరోజుల ముందు పిల్లా, తోడుగా ఉండేవాళ్ళూ ఒక పూట కూర్చుని ఇవన్నీ మాట్లాడుకుంటే చాలు. పెళ్ళిరోజు పొద్దున పిల్ల తన ఫోనుతో సహా అన్నీ ఆ మనిషికి అప్పజెప్పేయాలి. తర్వాత ఆ పిల్లకి ఉన్న పని ఒక్కటే, తన పెళ్ళిలో తను ఉండటం.

ఇక ఆ గదిలో ఏం జరిగిందో చెబుతానన్నాను కదా. నేను నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. అక్క కనిపిస్తే చెబుదామని చూస్తున్నాను. ఇంతలో మా అత్తగారు వచ్చారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. అయినా రెయిలింగు పట్టుకుని పైకి వచ్చారు. చేతిలో స్టీలు గిన్నె, పైన మూత. కింద వంటవాళ్ళనడిగి పెరుగన్నం కలిపించుకుని తెచ్చారు.

"పిల్లకి పెట్టండి" అన్నారు.

మళ్ళీ అదే మాట, "ముహూర్తం కాకుండానా అండీ?" అని. మా అత్తగారు మంచం అంచున కూర్చుని అన్నారు, "మా కోడలు పెళ్ళిలో పడిపోయింది. ఆకలికి పడిపోయిందని తెలుసుకోకుండా రోగముందేమోనని ఏడాదిపాటు అనుమానించాం. ఆ పిల్లని డాక్టర్ల చుట్టూ తిప్పాం. తప్పు మాది. ఇంకో పిల్లకి అలా కాకూడదు. పెట్టండి."

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి. నావైపు చూడలేదు. నేనూ ఏమీ అనలేదు. గిన్నె తీసుకుని పిల్లకి స్పూనుతో నేనే పెట్టాను. మెడలో హారాలమీద పడకుండా కింద తువ్వాలు పట్టుకుంది బ్యూటీషియన్ అమ్మాయి. సగం తినేసరికి పిల్ల మొహంలోకి రంగు వచ్చింది. "పిన్నీ, కొంచెం ఊరగాయ ఉంటే బాగుండేది" అంది. గదిలో అందరూ నవ్వారు.

రాత్రి 2 గంటల 16 నిమిషాలకి జీలకర్ర బెల్లం. తలంబ్రాలు పోటీపడి పోశారు, మా పిల్లే గెలిచింది. ఏడడుగులూ లెక్కపెట్టుకుంటూ వేసిందట, మర్నాడు నాతో చెప్పింది.

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. మా అత్తగారు ఆ గదిలో అన్న మాట అమ్మ విని ఉంటే ఆ తలంబ్రాల పేజీ ఒక్కసారైనా తెరిచి చూసేదేమో.

ఈ ఏడు మీ ఇంట్లో పెళ్ళి ఉంటే, మీకు ఏ పని అప్పజెప్పినా సరే, ఒకసారి పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళండి. చీర బాగుందనీ నగలు బాగున్నాయనీ అందరూ చెబుతారు. మీరు మాత్రం ఏమన్నా తిన్నావా అని అడగండి. లేదంటే కిందకెళ్ళి ఒక గిన్నె తీసుకురండి.